వందన సమర్పణలో పోయిన ఇసుకదిబ్బ

ఏది ముందో ఏది వెనకో కాస్త తారుమారు కావచ్చు, సర్దుకుని చదవండి. సభ ముందు జరిగింది, తాబేలు గుండె జారడం తర్వాత. అంతవరకు గట్టిగా గుర్తుంది.

గోదావరి మధ్య ఒక లంక. దాని పక్క నుంచే మనుషుల విహార పడవలు పాటలు పెట్టుకుని కొండల వైపు పోతుండేవి. వాటిని చూసి చూసి లంకలోని జంతువులకూ ఆశ పుట్టింది. దానికి తగ్గట్టు కొంగ తెల్లాయి కొండల నుంచి కబురు తెచ్చింది.

"అక్కడి జింకలూ కోతులూ మన వెడల్పు గోదారి చూడాలని ముచ్చట పడుతున్నాయర్రా! పడవ నడిపితే తేనె, ఇప్పపువ్వు, అడవి ఉసిరికాయలు తెచ్చి ఇస్తారట."

అరటిబోదెల తెప్ప కడదామన్నారు. దున్నపోతు భద్రాచారి లాగుతానన్నాడు. ఇక మిగిలింది ఒక్కటే: తెప్ప ఏ ఒడ్డున ఆగాలి? అది తేల్చడానికి సభ పెట్టారు.

తాబేలు పేరమ్మ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. తూర్పున ఉన్న ఇసుకదిబ్బలో ఆమె గుడ్లు పెట్టింది. పిల్లలు బయటికొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. తెప్ప ఆ దిబ్బ దగ్గర ఆగితే జింకల కాళ్ళ కింద గుడ్లన్నీ చితికిపోతాయి. ఆ ఒక్క మాటా చెప్పి వెళ్ళిపోదామని ఆమె ఆశ.

కానీ సభ నడిపేది నక్క శేషావతారం.

"ముందుగా అధ్యక్షులు భద్రాచారి గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను!" అన్నాడు. భద్రాచారికి తుంగపూల దండ పడింది. తర్వాత తెల్లాయిని పిలిచాడు. దండ. ఆ తర్వాత ఉడతను, ముంగిసను, ఊరికే చూడ్డానికొచ్చిన కప్పను కూడా పిలిచాడు. వేదిక మీద ఇరుకైపోయింది, కింద వినేవాళ్ళు కరువయ్యారు. పిలిచినవాళ్ళందరూ "రెండే రెండు ముక్కలు" అంటూ మొదలుపెట్టి, రెండో ముక్క ఎంతకీ తెమల్చలేదు.

పేరమ్మ కాలెత్తింది. "బాబూ, తెప్ప ఎక్కడ ఆగుతుందీ..."

"అక్కయ్యా, అసలు విషయానికే వస్తున్నాం! కప్పగారు ఇప్పుడే కదా గొంతు సవరించుకున్నారు!"

పొద్దు వాలింది. ఆకలితో అందరి కడుపులూ మండుతున్నాయి. అప్పుడు నక్క లేచి గబగబా వందన సమర్పణ అందుకున్నాడు. "వచ్చినవారికి, దండలు గుచ్చినవారికి, తూర్పుదిబ్బను రేవుగా ఇచ్చి దాని కాపలా నాకు అప్పగించినందుకు మీకందరికీ, చల్లగాలి వీచిన గోదారమ్మకూ ధన్యవాదాలు! సభ ముగిసింది!"

హమ్మయ్య, అయిపోయిందని, ఏమన్నాడో వినకుండానే అందరూ చప్పట్లు కొట్టారు. కొంగ రెక్కలు టపటపలాడించింది, దున్నపోతు తోక ఝాడించాడు. పేరమ్మ కూడా ముందుకాళ్ళతో నేలను తపతపా కొట్టి, తన మాట రేపు చెబుదామని నీళ్ళలోకి దిగిపోయింది.

తెల్లవారి దిబ్బ దగ్గరికి వస్తే నక్క గుంట తవ్వుతున్నాడు.

"ఇక్కడేం పని నీకు?"

"రేవుకు గుంజ పాతొద్దూ? కాపలాదారుణ్ణి కదా."

"ఎవరిచ్చారు నీకు కాపలా!"

"నువ్వే ఇచ్చావక్కయ్యా. చప్పట్లు కొట్టలేదూ?" అని నవ్వాడు. ఆ మీసాలకు పచ్చసొన అంటుకుని ఉంది.

పేరమ్మ తలా కాళ్ళూ ఒక్కసారిగా డిప్పలోకి పోయాయి. గుడ్డు పోయినందుకు ఒక దెబ్బ. తన గుడ్లను తానే చప్పట్లు కొట్టి దొంగ చేతిలో పెట్టానా అన్నది రెండో దెబ్బ. ఎంతసేపటికీ బయటికి రాలేకపోయింది. వచ్చాక ఆ నక్కతో ఇంకో మాట ఆడలేదు, నేరుగా భద్రాచారి దగ్గరికి పోయింది.

భద్రాచారి నమిలే గడ్డి నోట్లోనే ఆగిపోయింది. "నక్కకి కాపలానా! నా సభలోనా! దండ చెవులకు అడ్డంపడి నాకేం వినబడలేదమ్మా. పద, పొడిచి తరుముతాను."

"మీరు పొడిస్తే పారిపోతాడు, మీరు మేతకు పోగానే తిరిగొస్తాడు. అందరి ముందూ వాడి నోటితోనే వదులుకోవాలి. శేషావతారానికి సన్మానమని ఇప్పుడే సభకు పిలవండి."

"సన్మానమా? నీకు మతి పోయిందా పేరమ్మా?"

"అది తప్ప ఇంకేం చెప్పినా వాడు దిబ్బ వదలడు పెద్దయ్యా."

సన్మానం అనగానే నక్క పరుగున వచ్చాడు. మెడ సాచి దండ వేయించుకున్నాడు. పేరమ్మ ముందుకు జరిగింది. "వందన సమర్పణ నేను చేస్తాను."

"అది చివర కదా?" అంది తెల్లాయి.

"నాది నిదానం నడక. ఇప్పుడు మొదలెడితేనే చివరికి చేరతాను."

అంతా నవ్వారు. పేరమ్మ మొదలుపెట్టింది. "తెలివిలో మేటి, మాటల్లో తేనె, లంకకే మణిపూస అయిన శేషావతారం తమ్ముడికి, వరదకు మునగని తన గుహను వచ్చే అతిథులకు విడిదిగా ఇచ్చి తాను అవతలి ఒడ్డుకు మకాం మారుస్తున్నందుకు, ఇంతటి చక్కని తోక ఉన్నందుకూ ధన్యవాదాలు!"

చప్పట్లు మోగాయి. పొగడ్తలో తేలిపోతున్న నక్క అందరికంటే గట్టిగా కొట్టాడు. కొట్టి కొట్టి, సగంలో ఆగాడు.

"ఏమన్నావ్? నా గుహా?"

"సామాను సర్దుకో నాయనా, ముహూర్తం మంచిది," అన్నాడు భద్రాచారి.

"అన్యాయం! అడగలేదు, చర్చించలేదు! చప్పట్లు కొట్టినంత మాత్రాన ఇచ్చేసినట్టా?" అని నక్క గొంతు చించుకున్నాడు.

ఉడత చేతిలో గింజ జారింది. అన్ని కళ్ళూ నక్క మీసాల మీదికి, అక్కడ ఎండిన పచ్చసొన మీదికి పోయాయి.

"నేను పొద్దున అడగాల్సింది అదే తమ్ముడూ," అంది పేరమ్మ. "నాకు నోరు పెగల్లేదు. నువ్వే అడిగిపెట్టావు."

"చప్పట్లు తీర్మానమైతే గుహ ఖాళీ చెయ్యి," అంది తెల్లాయి. "కాకపోతే దిబ్బ ఖాళీ చెయ్యి. ఏది?"

నక్క అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి, "కాదు," అని గొణిగాడు.

"గట్టిగా!"

"చప్పట్లు తీర్మానం కాదు!"

అప్పుడు భద్రాచారి దండ తీసి పక్కన పెట్టి, "తెప్ప ఎక్కడ ఆగాలి?" అని సూటిగా అడిగాడు. పడమటి బురదరేవు అన్నారంతా. దిబ్బకు కాపలా తెల్లాయిది, గుడ్లు తినే ముంగిసది మాత్రం ఎంతమాత్రం కాదన్నారు. ఈసారి సభ చప్పున ముగిసింది, ఎండ కూడా ఎక్కలేదు. దండ మెడలో వేలాడుతుండగా శేషావతారం ఆకలితో గుహకు నడిచాడు. దిబ్బలో మిగిలిన గుడ్ల మీద పేరమ్మ మళ్ళీ ఇసుక కప్పుతూ కూర్చుంది.

నీతి: అసలు మాట ముందు తేల్చని సభలో చప్పట్లే సంతకాలవుతాయి.

అమ్మా వసుధా, ఈ కథ సాపు రాసేటప్పుడు దున్నపోతు పేరు అంతటా భద్రాచారి అనే రాశానో లేదో ఒకసారి చూసి పెట్టు.