చుట్టుదారి మొనగాడు

గుబ్బలకొండ చుట్టూ ఒక దారి ఉంది. ఉప్పురాయి దగ్గర మొదలై, పల్లేరు బయలు దాటి, వెదురు పొదల్లో దూరి, కొండ నడుమన సన్నటి అంచు మీదుగా సాగి, పడమటి లోయలోకి దిగి, చివరికి మళ్ళీ ఉప్పురాయి దగ్గరికే వస్తుంది. అడవిలో అందరూ దాన్ని చుట్టుదారి అంటారు. తీరిగ్గా నడిస్తే పొద్దు చాలదు. మరి పరుగెత్తితే ఎంతసేపట్లో తిరిగి రావచ్చు? ఈ ప్రశ్నే అక్కడి జంతువులకి తరతరాలుగా పట్టుకున్న పిచ్చి.

ఆ పిచ్చికీ ఒక పద్ధతి ఉంది. పొద్దు పొడవగానే ఉప్పురాయికి ముక్కు ఆనించి బయల్దేరాలి. కొండ ఎప్పుడూ కుడిపక్కనే ఉండాలి. తిరిగొచ్చేసరికి రాయి నీడ కొస ఎక్కడ పడితే అక్కడ ముసలి కొండముచ్చు మునెయ్య ఒక గులకరాయి పెడతాడు. మధ్యాహ్నం తిరిగాక నీడ సాగుతుంది కాబట్టి, ఎవరి గులకరాయి ఉప్పురాయికి దగ్గరగా ఉంటే వాళ్ళే మొనగాళ్ళు. ఆ తర్వాత మునెయ్య వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఒంటికి అంటుకున్న ముళ్ళూ గింజలూ ఓపిగ్గా ఏరిపెడతాడు. చుట్టు తిరిగొచ్చినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆయన ఆ సేవ చెయ్యడు.

మొనగాడికి దక్కేది ఒట్టి పేరు కాదు. ఎండాకాలంలో కొండకింద మిగిలే ఒక్క ఊటలో మొదటి నీళ్ళు వాళ్ళవి. తర్వాత అడవిపందులు దిగుతాయి. పందులు దిగాక మిగిలే దాన్ని నీళ్ళనడం మర్యాద కోసమే. ఇంత గౌరవం ఎందుకంటే, కొండంతా చుట్టి వచ్చినవాళ్ళే ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ కార్చిచ్చు అంటుకుందో కబురు తేవాలి. నీళ్ళున్నాయని చెప్పినవాళ్ళు ముందు నడిచి చూపించాలి కూడా.

ఆ ఏడు మొనగత్తె చెంగమ్మ అనే కుందేలు. నిజానికి ఆమె పేరు కోసం పరుగెత్తలేదు. ఒక మలుపు చూస్తే దాని అవతల ఏముందో చూడందే ఆమెకి తోచదు. అలా మలుపు తర్వాత మలుపు చూసుకుంటూ పోయి చుట్టుదారి తిరిగొచ్చేసింది. తర్వాత ఎక్కడ ఆలస్యమైందో, ఎందుకైందో తెలుసుకోవాలనిపించి మళ్ళీ తిరిగింది. తిరిగిన కొద్దీ వేగం దానంతటదే వచ్చింది. ఇంట్లో కళ్ళు తెరిచి కొద్దిరోజులే అయిన పిల్లలున్నాయి. తేట నీళ్ళు ముందుగా తాగి వస్తేనే వాటికి పాలు. ఆ గులకరాయి ఆమెకి ఎంత ముఖ్యమో అడవిలో అందరికీ తెలుసు.

ఇలా ఉండగా తిరుపాలు అనే నక్క ఒకరోజు ఉప్పురాయి దగ్గరికి వచ్చి, ఎక్కడలేని వినయంతో తల వంచి, "మునెయ్య తాతా, నేనూ రేపు ఒక చుట్టు తిరుగుతా, ఏదో సరదాకి" అన్నాడు.

"నువ్వా? ఇంటిముందు రాలిన రేగుపండు ఏరుకోడానికే ఆయాసపడతావు కదరా!" అన్నాడు పోలయ్య అనే అడవిపంది.

"నన్ను చులకన చెయ్యకు పోలయ్యా. నా కాళ్ళలో ఏముందో నాకే తెలీదు" అన్నాడు తిరుపాలు. అదొక్కటే ఆ రోజు అతను చెప్పిన నిజం.

మర్నాడు పొద్దు పొడవగానే అందరూ చూస్తుండగా రాయికి ముక్కు ఆనించి రివ్వున పోయాడు. మొదటి మలుపు తిరిగి కనుమరుగయ్యాడు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగానే, నీడ ఇంకా రాయి కాళ్ళ దగ్గరే ముడుచుకుని ఉండగానే, అవతలి వైపు నుంచి రొప్పుకుంటూ వచ్చి ఉప్పురాయి మీద పడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము. ఆ దుమ్ము మీద దట్టంగా ఉత్తరేణి గింజలు.

మునెయ్య నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. గులకరాయి తీసుకొచ్చి పెట్టాడు. చెంగమ్మ రాయి ఎక్కడో దూరంగా ఇప్పచెట్టు వేరు దగ్గర ఉండిపోయింది.

చెంగమ్మ దూరంగా ఉండిపోయిన తన గులకరాయి వైపు చూసింది. రేపటినుంచి బురద నీళ్ళే, పిల్లలకి ఏం పెట్టాలి అనుకుంది. కానీ ఆ బాధ వెనకాలే ఇంకొకటి ఆమెని పట్టుకుని లాగింది. ఎలా వచ్చాడు? తను ఊపిరి బిగబట్టి దాటే చోట్లన్నీ ఇతను ఎలా దాటాడు? తనకి తెలియని అడ్డదారి ఏదైనా ఉందా? ఉంటే చూడాలి. ఏడవడం తర్వాత చూసుకోవచ్చని తిరుపాలు దగ్గరికి గెంతింది.

"తిరుపాలన్నా, నీ కాళ్ళకి దణ్ణం. జారుడుబండ దగ్గర నేనెప్పుడూ చాలాసేపు తిప్పలు పడతాను. నువ్వు పైనుంచి ఎక్కావా, కిందనుంచి పాకావా?"

"పైనుంచే అక్కా! పైనుంచి ఒక్క దూకు."

"వెదుళ్ళలో?"

"దూసుకుపోవడమే. ఆలోచిస్తే ఆలస్యం."

చెంగమ్మ అతని చుట్టూ తిరిగి చూసింది. నోట్లో పచ్చిగడ్డి పరక నములుతూ ఇటు చూసింది, అటు చూసింది, మళ్ళీ ఇటు వచ్చింది. ఆమె చెవులు నిలబడ్డాయి.

"అన్నా, ఒకటి అర్థం కాలేదు. చుట్టుదారిలో ఉత్తరేణి తగిలేది ఆ కొండ అంచు మీదే కదా. అక్కడ కుడిపక్క కొండగోడ, ఎడమపక్క ఒట్టి లోయ. నాకెప్పుడూ కుడి డొక్కకే అంటుకుంటాయి. నీకు రెండు డొక్కలకీ ఉన్నాయేం? లోయలో గాలికి మొలిచిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. తిరుపాలు ఒక్క క్షణం తోక ఆడించడం ఆపాడు. ఆ వెంటనే పెద్దగా నవ్వేశాడు.

"అదా! చెప్తే గొప్పలనుకుంటారని ఊరుకున్నా. అంచు దాటాక ఇంకా బోలెడు పొద్దుందనిపించింది. సరే, ఇంకోసారి ఆ అందం చూద్దామని వెనక్కి పోయి మళ్ళీ వచ్చా. పోయేటప్పుడు ఎడమ డొక్కకి అంటుకున్నాయి."

జంతువులన్నీ ఆశ్చర్యంతో హోరెత్తాయి. అంచు మీద మూడుసార్లు నడిచి కూడా ఇంత తొందరగానా! పోలయ్య అంతటివాడు ముందుకొచ్చి నక్కకి దారి ఇచ్చి నిలబడ్డాడు. చెంగమ్మకి మాత్రం నోట్లో పరక చేదనిపించింది. జవాబు బాగానే అతికింది, ఆ అతుకే ఆమెకి నచ్చలేదు. అయినా ఆమె సందేహం ఇంకా సందేహంగానే ఉంది.

అంతలో గుంపులోంచి నాగులమ్మ అనే దుప్పి ముందుకొచ్చింది. పక్కన కాళ్ళు సరిగ్గా నిలవని పిల్ల ఉంది. "నాయనా, అంచు మీద రాతిలోంచి ఊట కారేది కదా. నీళ్ళున్నాయా? ఇక్కడ పందుల తర్వాత నా బిడ్డకి గుక్కెడు కూడా మిగలడం లేదు."

"నీళ్ళేమిటి పిన్నీ, ధారగా కారుతున్నాయి! నేను మూడుసార్లూ మూతి పెట్టి తాగా" అన్నాడు తిరుపాలు. పొగడ్తల వేడిలో ఉన్నాడు, ఏదడిగినా ఉందనే చెప్పేలా ఉన్నాడు.

"చల్లగా బతుకు నాయనా. ఎండ కాస్త తగ్గాక బయల్దేరతాం" అంది నాగులమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెంగమ్మ నోట్లో పరక ఉమ్మేసింది. మొన్ననే తను ఆ అంచు మీదుగా వచ్చింది. ఊట దగ్గర రాయి నాలుకకి బూడిదలా తగిలింది. ఆ తర్వాత చినుకు కూడా పడలేదు. ఈ ఎండలో ఆ పిల్లని తీసుకుని అంత పైకెక్కి, అక్కడ నీళ్ళు లేకపోతే అది తిరిగి దిగదు. గులకరాయి సంగతి ఆ క్షణంలోనే ఆమె మనసులోంచి పోయింది.

కానీ ఏమని చెప్పాలి? "లేవు" అంటే, ఓడిపోయి అక్కసుతో అంటోందనుకుంటారు. ఆమె నాగులమ్మ వైపు తిరిగింది.

"పిన్నీ, మంచిది. ఆనవాయితీ ఉంది కదా, అన్నే ముందు నడుస్తాడు. నేనూ వెనకాలే వస్తా. ఆ దూసుకుపోవడం ఎలాగో దగ్గరుండి చూడాలని నాకు ఎంత ఆశగా ఉందో!"

తిరుపాలు ముఖం వాడింది. "అలసిపోయాను కదక్కా. దారి మీకందరికీ తెలిసిందే. మీరు నడవండి, నేను మెల్లగా కలుస్తా."

"కబురు తెచ్చినవాడు నడవాలి. మా తాతలనాటినుంచీ ఉన్నది నీ కోసం మారుస్తామా?" అన్నాడు మునెయ్య.

ఎండ తగ్గాక గుంపంతా బయల్దేరింది. ముందు తిరుపాలు, వెనక చెంగమ్మ, ఆ వెనక దుప్పీ పిల్లా, మునెయ్య, పోలయ్య. మొదటి మలుపు దాకా నక్క నడక దర్జాగానే ఉంది. మలుపు తిరగ్గానే దారి మూడుగా చీలింది. ఒకటి ఎడమకి పోతుంది. అది తిరుపాలు గుహ ముంగిట్లోకి. మిగిలిన రెండూ పక్కపక్కనే ముందుకి పోతాయి. అక్కడ తిరుపాలు ఆగాడు.

"పెద్దవాళ్ళు, మీరు ముందు..." అన్నాడు, అందరి ముక్కులూ ఎటు తిరిగున్నాయో ఓరకంట చూస్తూ.

నాగులమ్మ నోరు తెరవబోయింది. చెంగమ్మ ఆమె కాలికి మెల్లగా తగిలి, "మాట్లాడకు పిన్నీ. మనం చెప్తే అన్నకి చిన్నతనం" అంది.

ఎవరూ కదల్లేదు. తిరుపాలు అటు వాసన చూశాడు, ఇటు వాసన చూశాడు. రెండింటిలో వెడల్పుగా, నునుపుగా ఉన్న దారిని ఎంచుకుని, "ఇదిగో, ఇలా!" అని గంభీరంగా నడిచాడు. మునెయ్య కనుబొమలు పైకి లేచాయి. పోలయ్య ఏదో అనబోయి, ముసలాయన చూపు చూసి మింగేశాడు. ఆ దారి కాస్త దూరం పోయి దిగువకి వంగి, రేగుపొదల చుట్టూ తిరిగి, ఒక గుహ వెనక ఖాళీ జాగాలోకి తెచ్చి వదిలింది.

అక్కడ ఆ పొదల కింద మొలిచిన ఉత్తరేణి మొక్కలు వేళ్ళతో సహా పీకి, పరుపులా పరిచి ఉన్నాయి. మధ్యలో ఎవరో హాయిగా అటూ ఇటూ దొర్లినట్టు గుంట పడి ఉంది. ఆ గుంటనిండా ఎర్రటి నక్క వెంట్రుకలు.

"ఇది..." అన్నాడు తిరుపాలు. అప్పుడుగానీ ఆ గుహ తనదేనని అతనికి తెలియలేదు. పుట్టినప్పటినుంచీ ముంగిట్లోంచి గుహలో దూరి, లోపలి కంతలోంచి ఈ జాగాలోకి వచ్చేవాడే గానీ, సొంత ఇంటి వెనక్కి దారి ఎటునుంచి వస్తుందో ఏనాడూ నడిచి చూడలేదు.

"ఇక్కడ దొర్లి, పొదల చాటున రాయి అవతలికి చేరావన్నమాట!" అంటూ పోలయ్య నేలమీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నాగులమ్మ నవ్వలేదు. బిడ్డని కడుపు కిందికి లాక్కుని, "నీ గొప్పకి నా బిడ్డని బలివ్వబోయావు కదరా" అంది. నక్క తల ఎత్తలేకపోయాడు.

మునెయ్య వెనక్కి వెళ్ళి ఉప్పురాయి దగ్గరున్న తిరుపాలు గులకరాయి తీసి లోయలోకి విసిరేశాడు. మర్నాడు పొద్దున్నే చెంగమ్మ ఊట దగ్గర నాగులమ్మ బిడ్డని తన ముందు నిలబెట్టి, "నువ్వు కానీ, నేను ఆగుతా" అంది. పందులు గట్టుమీద ఓపిగ్గా నిలబడ్డాయి.

తిరుపాలు మాత్రం మునెయ్య చెట్టుకింద కూలబడ్డాడు. కొక్కేలున్న గింజలు బొచ్చులో లోతుగా దిగి, కూర్చుంటే గుచ్చుకుంటున్నాయి, పడుకుంటే గుచ్చుకుంటున్నాయి.

"తాతా, కాస్త ఏరిపెట్టవా?"

"చుట్టు తిరిగి రా, ఏరిపెడతా" అన్నాడు మునెయ్య, కొమ్మమీద కాళ్ళు ఊపుకుంటూ.

తిరుపాలు నోటికి అందినచోట పళ్ళతో పీక్కుంటూ, అందనిచోట చెట్టుకి రుద్దుకుంటూ ఎండాకాలమంతా గడిపాడు. రుద్దుకున్న చోటల్లా బొచ్చు కూడా ఊడింది.

నీతి: నడవని దారి గురించి గొప్పలు చెప్పేవాడు, ఆ దారి మీద ఇష్టంతో అడిగేవాళ్ళ ప్రశ్నల ముందు నిలవలేడు.