తేనెకుండకు దిష్టిరాయి

ఏ రాజ్యమో గుర్తులేదు కానీ, తేనెపట్లు కొట్టే ఈరమ్మ మాత్రం గుర్తుంది. ఆమె కోటకు తెచ్చి ఇచ్చిన తేనె పలచబడిందని రాజు ఆమెను నిలదీశాడు.

"నీళ్లు కలిపింది ఇదే ప్రభూ!" అన్నాడు వంటశాల అధికారి పేరయ్య.

ఈరమ్మ లోలోపల నవ్వుకుంటూ, కుండ మెడకు వేలాడుతున్న రాయిని విప్పింది.

"అడవిలోనే ఈ కుండలోని తేనె గిద్దెడు కొలిచి తూచి, సరిగ్గా అంత బరువున్న రాయిని కట్టాను మారాజా. ఇప్పుడూ గిద్దెడు కొలిచి, ఈ రాయితో తూయించండి."

తేనె ఉన్న తక్కెడ పళ్లెం పైకి లేచింది. తేనెకన్నా నీళ్లు తేలిక మరి!

"రాయిని మార్చేసిందేమో!" అని అరిచాడు పేరయ్య.

"కుండ పెట్టిన కొట్టు తాళంచెవి మీ మొలలోనే ఉంది కదయ్యా! కుండ ఇచ్చినప్పుడు దిష్టిరాయి అన్నానని దీన్ని మీరూ ముట్టలేదు."

"మరి నిజంగా దిష్టిరాయేనా?" అన్నాడు రాజు.

"అవును మారాజా! ఎవరి కన్ను పడిందో చెప్పేసిందిగా."