ఆశమ్మ జడ

విరూపాక్షయ్యగారు జడలు ఆరబెట్టుకునే వేళ ఆశ్రమంలో ఎవరూ ఆయనను కదిలించేవారు కాదు. ఎండ బాగా ఎక్కాక బావి దగ్గర కుంకుడు రసంతో తల రుద్దుకుని, నీళ్ళు పిండి, ఒక్కొక్క జడనూ విడదీసి భుజాల మీద పరచుకుని కూర్చునేవారు. లోపల తడి నిలిస్తే జడ ముక్కిపోతుందని పూర్తిగా ఆరేదాకా ముడి వేసేవారు కాదు. ఆ తర్వాత కుదుళ్ళ దగ్గర కొత్తగా పెరిగిన వెంట్రుకలను వేళ్ళతో వెతికి, పక్క జడతో అతుక్కున్న చోట చీల్చి, ఏ పాయను ఆ పాయలోనే మెలిపెట్టేవారు. నూనె బహు తక్కువ. బిగించి కట్టడం అసలే లేదు. బిగిస్తే కుదురు లాగి నుదుటి మీద జుట్టు పోతుందనేవారు. దర్శనానికి వచ్చినవాళ్ళకు ఇదంతా కాస్త చప్పగా ఉండేది. స్వామి జడలు తపస్సులో పుట్టి ఉంటాయని వాళ్ళు అనుకుని వస్తే, ఆయన వాటిని తోటకూర మడిని చూసుకున్నట్టు చూసుకునేవారు.

అందరికంటే ఎక్కువ నిరుత్సాహపడ్డవాడు సోమలింగం. బడిపంతులు ఉద్యోగం మానుకుని నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమానికి వచ్చిన నాటినుంచి అతను తల దువ్వలేదు, తలంటుకోలేదు. జుట్టు వెనకవైపు ఉండలు కట్టడం మొదలైంది. అది తనకు దక్కుతున్న గుర్తు అని లోలోపల మురిసిపోతున్నాడు. ఒకనాడు గురువు జడలు ఆరబెట్టుకుంటుండగానే దగ్గరకు వెళ్ళి అడిగాడు.

"స్వామీ, దైవం చూపు పడ్డవాళ్ళకు జడలు వాటంతట అవే కడతాయంటారు. మీవి మీ గురువుగారు మర్రిపాలు పూసి, పాయలు తీసి కట్టారని విన్నాను. ఈ రెండింటిలో ఏది నిజమైన జడ?"

గురువు అతని తలవైపు చూశారు. "దురద పెడుతోందా?" అని అడిగారు.

"పెడుతోంది స్వామీ."

"ఊఁ" అన్నారు. సోమలింగం దాన్ని సమాధానంగా తీసుకోలేకపోయాడు. వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే వాగు అవతలి ఊరినుంచి గొర్రెలు కాచుకునే చెన్నమ్మ అనే ఆమె వచ్చింది. వాళ్ళక్క ఆశమ్మ ఎల్లమ్మకు విడిచిన జోగిని. అక్కకు జ్వరం వచ్చి తగ్గడం లేదని, తలనుంచి వాసన వస్తున్నదని, మెడ ఎత్తలేకపోతున్నదని చెప్పింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోతే జడ తీసేస్తే గాని పుండు చూడలేమన్నారట. తీయిస్తామంటే ఊరు ఒప్పుకోలేదు. వెనక్కి తీసుకొచ్చారు.

"జడలున్న సామి ఐతేనే ముట్టొచ్చంటున్నరు. మీరొక్కసారి రావాలె" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చే దశ దాటిపోయినట్టుంది.

గురువు లేచి, సోమలింగాన్ని వెంట రమ్మన్నారు.

ఆశమ్మ ఊరి చివర రేకుల కప్పు కింద, గోడకు ఒరిగి కూర్చుని ఉంది. పడుకుంటే జడ మెడను లాగుతుందని చాన్నాళ్ళుగా ఆమె కూర్చునే నిద్రపోతున్నది. అది పాయలు పాయలుగా ఉన్న జడ కాదు. తలంతా ఒకటే దిమ్మెగా కట్టి, వెనకనుంచి చాపలా దిగి, కింద చుట్టలు చుట్టుకుని ఆమె ఒడిలోకి వచ్చింది. దానిని ఆమె ఎడమచేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. పసుపూ కుంకుమా నెయ్యీ ఏళ్ళ తరబడి పడి నల్లగా గట్టిపడిపోయాయి.

అది ఎలా మొదలైందో చెన్నమ్మ చెప్పింది. ఆశమ్మ చిన్నపిల్లగా ఉండగా పెద్ద జ్వరం వచ్చి ఒక కార్తెంతా మంచం మీదే ఉంది. తల్లి కూలికి పోయేది. దువ్వేవాళ్ళు లేక జుట్టు చిక్కుపడి ముద్దయింది. పిల్ల లేచి బయటికి వచ్చిన రోజు, చూసినవాళ్ళు దండం పెట్టారు. అమ్మవారు తల మీదికి వచ్చిందన్నారు. ఆ సాయంత్రం తల్లి దువ్వెన తీసి దువ్వబోతే చేతిలోంచి లాక్కున్నారు. తర్వాత గుడిలో మెడకు ముత్యాలు కట్టి అమ్మవారికి విడిచారు. పెళ్ళి లేదు. అమ్మవారి సొమ్ము గనక ఆ తల ఎవరూ ముట్టకూడదు. అదే అమ్మవారి సొమ్ము గనక ఆ ఒంటికి మాత్రం ఏ తలుపూ ఉండకూడదు. జాతరనాడు కాళ్ళకు మొక్కినవాళ్ళే చీకటిపడ్డాక వచ్చేవారు. చెన్నమ్మ ఇదంతా అక్క వింటుండగానే చెప్పింది. ఆశమ్మ మధ్యలో ఒక్క మాటా దిద్దలేదు.

గురువు ఆమె ముందు కూర్చున్నారు. "ఏం కావాలమ్మా?" అన్నారు.

ఆశమ్మ ఆయన జడల వంక కొంచెంసేపు చూసింది. "నీవి విడివిడిగున్నయి సామీ" అంది. తర్వాత, "దువ్వెన కావాలె" అంది.

గురువు కుంకుళ్ళు కొట్టించి వేడినీళ్ళు పెట్టించారు. సోమలింగాన్ని కూర్చోబెట్టి కుదుళ్ళ దగ్గర నానబెట్టి వదులు చేయమన్నారు. సోమలింగం వేళ్ళు పెట్టాడు. పైన చెక్కలా ఉన్నది నీళ్ళు తగిలేకొద్దీ మెత్తబడింది. దాని కింద చర్మం తెల్లగా నానిపోయి ఉంది. చెవి వెనకనుంచి మెడదాకా పుండు, అందులో పురుగులు. సోమలింగం లేచి బయటికి పరుగెత్తి కక్కుకున్నాడు. తిరిగి వచ్చేసరికి గురువు అతని చోట కూర్చోలేదు. చెంబు అలాగే పట్టుకుని అతని కోసం ఆగి ఉన్నారు.

"కూర్చో" అన్నారు.

సోమలింగం కూర్చున్నాడు. నీళ్ళు మార్చి మార్చి ఎంతసేపు నానబెట్టినా ఒక్క పాయ కూడా విడలేదు. ఎక్కడ కదిపినా ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోతున్నది. అయినా అరవలేదు.

ఈలోపు వాకిట్లో జనం చేరారు. వాళ్ళ ముందు గుడి పెద్ద హన్మప్ప ఉన్నాడు. ముసలివాడు, నెమ్మదైన మనిషి. గొంతు పెంచకుండానే మాట్లాడాడు.

"కడుగుండ్రి సామీ, కాదన. కత్తి మాత్రం పెట్టొద్దు. ఊరికి అరిష్టం."

"ఈ తల ఎవరిది?" అన్నారు గురువు.

"అమ్మది."

"నాదే" అంది ఆశమ్మ. ఆమె మెడ ఎత్తలేదు. నేల చూస్తూనే అంది. హన్మప్పకు ఆమె గొంతు విన్న గుర్తు లేనట్టుంది. ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశాడు.

తర్వాత వాకిట్లో గుసగుసలు నడిచాయి. పెద్దలు పక్కకు పోయి మాట్లాడుకున్నారు. హన్మప్ప తిరిగి వచ్చేటప్పుడు అతని చేతుల్లో కొత్త ఇత్తడి పళ్ళెం, పసుపు గుడ్డ ఉన్నాయి.

"తీస్తె తియ్యిండ్రి. జడ మాత్రం నేల మీద పడొద్దు. మాకియ్యిండ్రి. గుళ్ళ పెట్టుకుంటం."

"ఈమె?" అన్నాడు సోమలింగం.

హన్మప్ప పళ్ళెం ముందుకు చాపాడు.

చెన్నమ్మ గొర్రెల బొచ్చు తీసే కత్తెర తెచ్చింది. గురువు అడుగున పట్టుకున్నారు. సోమలింగం కత్తిరించాడు. పచ్చి కొమ్మను కోస్తున్నట్టు చెయ్యి నొప్పి పుట్టింది. చివరి పోగు తెగగానే ఆశమ్మ తల ఒక్కసారిగా పైకి లేచింది. ఇన్నేళ్ళు కిందికి లాగే బరువుకు ఎదురు నిలిచిన మెడ, అది పోగానే ఏం చేయాలో తెలియక ఊగింది. చెన్నమ్మ రెండు చేతులతో పట్టుకుంది. ఆశమ్మ కళ్ళు పైన రేకుల మీద, దూలం మీద తిరిగాయి.

"గాలి తగుల్తాంది" అంది.

జడను పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. జనం దాని వెంట వెళ్ళిపోయారు. వాకిలి ఖాళీ అయింది.

సోమలింగం పుండు కడిగి, పసుపూ వేపాకూ నూరి పెట్టాడు. జ్వరం అప్పటికే ఒళ్ళంతా పాకింది. ఆసుపత్రికి బండి కడదామని అతను లేస్తే ఆశమ్మ వద్దంది. చెల్లెలిని దువ్వెన అడిగింది. దువ్వడానికి ఆ తల మీద ఏమీ లేదు, చెవి పైన పుండు పాకని చోట రవ్వంత జుట్టు తప్ప. చెన్నమ్మ అక్క తలను ఒడిలో పెట్టుకుని ఆ కాస్త చోటే దువ్వింది. చర్మానికి తగలకుండా, పైపైన, మళ్ళీ మళ్ళీ. ఆశమ్మ కాళ్ళు చాపుకుని పడుకుంది. అలా పడుకోవడం ఆమె మరిచిపోయిందనీ, మొదట కాళ్ళు ఎటు పెట్టాలో తెలియక తడుముకుందనీ సోమలింగం చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పాడు. ఇంకేం చెప్పమన్నా దాని దగ్గరే ఆగిపోయేవాడు.

తెల్లవారేసరికి ఆమె పోయింది.

చెన్నమ్మ ఊళ్ళోకి వెళ్ళి చెప్పి వచ్చింది. ఎవరూ రాలేదు. జడ తీసిన జోగినిని ముడితే కీడని కొందరన్నారట. మిగిలినవాళ్ళకు తీరిక లేదు. జడను గుడికి చేర్చే ఊరేగింపు అప్పుడే బయల్దేరింది. ఇంటిముందు నుంచే పోయింది. డప్పులు, బోనాలు, వేపమండలు. పల్లకిలో పసుపు గుడ్డ మీద ఆ జడ, దానికి పూలదండ. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోసి ఎదురొచ్చారు. పల్లకి పట్టడానికి మగవాళ్ళు పోటీపడ్డారు. హన్మప్ప ముందు నడుస్తూ, ఈ ఇంటి ముందుకు వచ్చినప్పుడు తల వంచుకున్నాడు. అది దండమో, సిగ్గో తెలియలేదు. ఆగలేదు మాత్రం.

చెన్నమ్మ నులకమంచం తిరగేసింది. ముగ్గురూ కలిసి శవాన్ని దాని మీద చేర్చి దుప్పటి కప్పారు. మంచానికి నాలుగు కోళ్ళు. ఉన్నది ముగ్గురు, అందులో ఒకరు ముసలివారు. సోమలింగం ఊరేగింపు వెళ్ళిన వైపు చూశాడు.

"స్వామీ, నేను వెళ్ళి ఒక్కరినైనా పిలుచుకొస్తాను. అక్కడ అంతమంది ఉన్నారు" అన్నాడు.

గురువు ఉత్తరీయం నడుముకు బిగించి కాళ్ళవైపు వంగారు.

"వాళ్ళు మోయదలుచుకున్నది వాళ్ళు మోస్తున్నారు నాయనా" అన్నారు. "నువ్వు తలవైపు పట్టు."