ఖాళీ వసారా

పుండరీకానికి పట్టిన జబ్బు ఏమిటంటే, సినిమాలో ఏ వస్తువూ వాడికి ఆ వస్తువులా కనబడదు.

కుర్చీ కనబడితే అది కుర్చీ కాదు, పోయిన పెత్తనం. కాకి వాలితే అది కాకి కాదు, ఎవరో దాచుకున్న పాపం. ఇదంతా ‘కోనేటి మేడ’తో మొదలైంది. అది ముప్పై ఏళ్ళ కిందటి దయ్యాల సినిమా. మద్రాసులో పాత సినిమాలను ఉదయం ఆటలుగా వేసే హాళ్ళ చుట్టూ తిరిగి వాడు దాన్ని నలభై ఒక్కసార్లు చూశాడు. మూడు నోటు పుస్తకాలు నింపాడు. మెస్సులో వాడి బల్ల దగ్గర కూర్చోవడం అందరూ మానేశారు.

వాడి గురువు ఆండాళ్ళమ్మగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఎడిటింగ్ గదుల్లో ఫిల్ము కత్తిరిస్తున్న మనిషి. వాడు మూడేళ్ళుగా ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఆవిడ చేసిన పొరపాటల్లా, కొత్తలో తాను ‘కోనేటి మేడ’కు సహాయకురాలిగా పనిచేశానని ఒకరోజు నోరు జారడం. అప్పటినుంచి ఆవిడకు చెవిలో జోరీగ తయారైంది.

“అమ్మా, మూడో రీల్లో అద్దానికి ఎడమవైపు పగులుంటుంది కదా. అది ఆ కుటుంబం చీలిపోవడమేనా?”

“నిచ్చెన తగిలింది” అంది ఆండాళ్ళమ్మగారు.

లైట్లు కట్టేవాళ్ళ నిచ్చెన తగిలి అద్దం పగిలిందనీ, ఇంకోటి తెచ్చే తీరిక లేక అలాగే తీసేశారనీ చెప్పింది. వాడు కాసేపు ఆలోచించాడు. నిచ్చెన అంటే పైకెక్కాలన్న ఆశ. అంటే ఆ ఇంటిని పగలగొట్టింది ఆశే అన్నమాట అని రాసుకున్నాడు. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

భోజనాల గదిలో ఏడు కుర్చీలకు ఆరే ఎందుకున్నాయని మరోరోజు అడిగాడు. ఏడోది ప్రొడక్షన్ మేనేజరు బయట చెట్టుకింద వేసుకుని కూర్చున్నాడని చెప్పింది. ఇంటికి పెద్దదిక్కు లేని లోటును ఎంత గుట్టుగా చూపించారో అని వాడు మురిసిపోయాడు. పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరి అని ఊరుకుని, ఆవిడ జవాబు చెప్పడం మానేసింది. మానేస్తే ఇంకేముంది, బయటపెట్టకూడని రహస్యమేదో ఉందని వాడికి రూఢి అయిపోయింది.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయదగ్గ సంగతే. కానీ ఆ నెలలో వాడికి మొట్టమొదటి సొంత సినిమా వచ్చింది. కొత్త దర్శకుడొకడు దయ్యాల కథ తీసి, ఆండాళ్ళమ్మగారి మాట మీద వాడిని ఎడిటరుగా పెట్టుకున్నాడు. తెరమీద వాడి పేరు పడుతుంది. ఇరవై రోజులు గడిచినా రెండో రీలు తేలలేదు. శనివారానికి రీలు చూపించకపోతే ఫిల్ము డబ్బాలు పట్టుకుపోయి వేరేవాళ్ళకు ఇచ్చుకుంటానని దర్శకుడు మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

బుధవారం సాయంత్రం ఆవిడ ఆ రీలు చూసింది. వానరోజు ఒక పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. మేడమీద ఎవరో నడుస్తున్న చప్పుడు. కథ అంతే. పుండరీకం కత్తిరించిన దాంట్లో ముందు దీపం, తర్వాత అద్దం, అద్దంలో దీపం, ఆగిపోయిన గడియారం, మూడుసార్లు కాకి ఉన్నాయి. పిల్ల మొహం రెప్పపాటు కనబడి మాయమైంది.

“ఆ పిల్ల భయపడుతోందా?” అని అడిగింది.

“భయం పైపైన ఉండేదమ్మా. లోపలి అర్థం వేరే ఉంది.”

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి చన్నీళ్ళతో మొహం కడుక్కుంది. కోపం పట్టలేనప్పుడు ఆవిడ చేసే పని అదే. వీడిని పంపించేద్దామా అనుకుంది. మనసు ఒప్పలేదు. వాడి చేతిపని బంగారం. వాడు అతుకు వేస్తే వేలితో తడిమినా తెలియదు. ఆవిడ బాధంతా అందుకే. చేతకానివాడైతే ఎప్పుడో చేతులు దులుపుకునేది.

తిరిగొచ్చి, రేపు పొద్దున పదింటికి ‘కోనేటి మేడ’ వేస్తున్నారు, పద చూద్దాం అంది. వాడి మొహం చేటంత అయింది. వెళ్తూ వెళ్తూ నాలుగో నోటు పుస్తకం కొనుక్కున్నాడు.

ఆండాళ్ళమ్మగారి గురువుకు ఒక ఆచారం ఉండేది. సినిమా విడుదలైన రోజున ఎడిటరు తెర చూడకూడదు. తెర కిందే స్టూలు వేసుకుని, తెరకు వీపు పెట్టి, జనాన్ని చూడాలి. ఇప్పటివాళ్ళకు ఆ ఓపిక లేదు. హాలు మేనేజరు పాత పరిచయస్థుడు కాబట్టి, ఆవిడ అడగ్గానే తెర కింద ఒక మూలగా రెండు ఎత్తు స్టూళ్ళు వేయించాడు.

“ఇక్కణ్ణుంచి సినిమా కనబడదు కదమ్మా” అన్నాడు పుండరీకం.

“నలభై ఒక్కసార్లు చూశావు. చాలదా?”

తల తిప్పితే ఇక తన గడప తొక్కనక్కర్లేదని కూడా చెప్పింది.

హాలు సగం నిండింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సులు ఇద్దరు, చంటిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్న ఒక ఇల్లాలు, ముందు వరసలో జంతికల పొట్లంతో ఒక పెద్దాయన. తెర వెలుగు వాళ్ళ మొహాల మీద పడుతోంది.

పగిలిన అద్దం వచ్చింది. వెనకనుంచి వినబడే మాటలను బట్టి ఆ చోటు వాడికి తెలిసిపోయింది. నిటారుగా కూర్చుని జనాన్ని చూశాడు. పెద్దాయన జంతిక కొరికాడు. ఒక నర్సు ఆవులించింది. ఆరు కుర్చీల భోజనం వచ్చింది. ఇల్లాలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వాడు ఉసూరుమని, వీళ్ళకేం తెలుస్తుందని గొణుక్కున్నాడు.

ఐదో రీల్లో ఆ ఇంటి కోడలు దీపం పట్టుకుని వసారా దాటి లోపలికి పోతుంది. తలుపు మూసుకుంటుంది. తర్వాత కూడా ఖాళీ వసారా తెరమీద కాసేపు అలాగే ఉంటుంది. మనిషి లేదు, వస్తువు లేదు, వెనక సంగీతం కూడా ఆగిపోతుంది. పుండరీకం నోటు పుస్తకంలో ఆ షాటుకు ఎదురుగా ‘ఏమీ లేదు’ అని రాసుంది.

హాలు సద్దుమణిగింది. ఇల్లాలి చెయ్యి చంటిదాని తలమీదకు పోయింది. పెద్దాయన నోట్లో జంతిక పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. తర్వాత నెమ్మదిగా, తనకే తెలియకుండా, నేలమీంచి కాళ్ళు తీసి కుర్చీలో ముడుచుకున్నాడు. వెనక నర్సులు కూడా అంతే. ఆ పక్క ఇంకెవరో.

ఆండాళ్ళమ్మగారు వాళ్ళను చూడలేదు. అక్కడ జనం ఏం చేస్తారో ఆవిడకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆవిడ పక్క స్టూలు వైపే చూసింది.

ఆట వదిలారు. ఇద్దరూ దుకాణాల పందిళ్ళ కింద నుంచి బస్సు స్టాపు వైపు నడిచారు. పుండరీకం కొత్త నోటు పుస్తకం తెరవకుండా చంకలోనే పెట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగి ఎండలోకి వచ్చాక గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ మొదలెట్టాడురా దేవుడా అనుకుంది ఆవిడ.

“అమ్మా, ఆ వసారాలో ఏమీ లేదు. వెతికి వెతికి చూశాను, నిజంగా ఏమీ లేదు. మరి ఆ పెద్దాయన కాళ్ళెందుకు పైకి తీసుకున్నాడు?”

“నువ్వెందుకు తీసుకున్నావు?”

పుండరీకం ఆగిపోయి తన కాళ్ళవైపు చూసుకున్నాడు. చెప్పులు లేవు. అవి హాల్లో స్టూలు కిందే ఉండిపోయాయి. కింద తారు చురచుర కాలుతోంది. ఇంతసేపూ ఆ సంగతే వాడికి తెలియలేదు.

వాడు చెప్పుల కోసం వెనక్కి పోలేదు. బస్సు కోసమూ ఆగలేదు. ఎడిటింగ్ గది ఉన్న వైపు, ఆ ఎండలో, వట్టి కాళ్ళతో గబగబా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పటికి గురువారం మధ్యాహ్నం ఒంటిగంట.