పేరు లేని స్విచ్చులు

దర్గా ఉరుసు పండగ వారం రోజుల్లోకి వచ్చేసరికి దస్తగిరికి చిక్కొచ్చి పడింది. దర్గా మొత్తానికీ కొత్త వైరింగు చేసింది అతనే. తనిఖీకి వచ్చిన కరెంటు ఆఫీసరు అంతా చూసి, "పని బాగుంది. కానీ ఏ పెట్టె మీదా పేరు లేదు. ఏ స్విచ్చు దేనిదో రాస్తేనే ఉరుసు దీపాలకు అనుమతి" అని చక్కా పోయాడు.

దస్తగిరికి తల కొట్టేసినట్టయింది. నేరుగా గురువు ఫక్రుద్దీన్ బాబా దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఆఫీసరు మీ మాట జవదాటడు బాబా. ఒక్క మాట చెప్పండి. ఏ వైరు ఎక్కడికి పోతాదో నేను కండ్లు మూసుకొని చెప్తా. రాసి పెట్టుకునేదానికి నేనేమన్నా మతిమరుపు ముసలోన్నా?"

ఎదురుగా కూర్చున్నది డెబ్బై దాటిన ముసలాయనే. ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

"చెప్తాలే బేటా. ముందు ఖవ్వాలీ హాల్లో ఫ్యాను తిరగడం లేదు. దాని సంగతి చూడు."

దస్తగిరి హుషారుగా నిచ్చెన వేశాడు. తీగలో కరెంటుందో లేదో చూసే టెస్టరును బాబా అతని జేబులోంచి తీసుకుని, చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిప్పి చూసి, తన జుబ్బా జేబులో వేసుకున్నాడు. "నువ్వెక్కు. కరెంటు నేను ఆపుతా" అంటూ వరండాలో ఉన్న స్విచ్చుల పెట్టె దగ్గరికి నడిచాడు.

"ఏది బేటా?"

"రెండో వరుసలో నాలుగోది!"

టక్‌మంది. వంటశాలలో గ్రైండరు ఆగింది. "ఎవుడ్రా అది! నా మసాలా సగంలో నిలిచిపాయె!" అని వంట చేసే ఖాజాబీ కేకలేసింది.

"పైనుంచి రెండో వరుస బాబా, కిందినుంచి కాదు!"

మళ్ళీ టక్‌మంది. నీళ్ళ మోటారు ఆగింది. స్నానాల గదిలో ఒంటినిండా సబ్బుతో ఉన్న ఫకీరొకాయన లబోదిబోమన్నాడు.

ఇంకోసారి టక్‌మంది. ఈసారి ఎవరూ అరవలేదు.

"ఆపేసినా బేటా. చెయ్యి పెట్టు."

దస్తగిరి చెయ్యి తీగ దాకా వెళ్ళి ఆగిపోయింది. బాబా మీద అతనికి కొండంత నమ్మకం. కానీ స్విచ్చుల లెక్కంతా ఉన్నది తన తలలో, పెట్టె ముందున్నది బాబా. నిజంగానే భయమేసింది. నిచ్చెన దిగి వచ్చేశాడు.



సాయంత్రానికల్లా ప్రతి స్విచ్చు పక్కనా చీటీ వెలిసింది. ఎఫ్-టూ, పీ-వన్ అంటూ అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. బాబా ఖాజాబీని పిలిచి, హాలు ఫ్యాను ఆపమన్నాడు.

ఆమె చీటీలన్నీ ఎగాదిగా చూసింది. "ఏందయ్యా ఇవి, డాక్టరు చీటీ మాదిరి?"

దస్తగిరి సిగ్గుపడి అన్నీ పీకేశాడు. మళ్ళీ కూర్చుని, తెలుగులో, లావుపాటి అక్షరాలతో రాశాడు: హాలు ఫ్యాను. వంటింటి గ్రైండరు. నీళ్ళ మోటారు.

ఖాజాబీ కూడబలుక్కుని చదివి, హాలు ఫ్యాను స్విచ్చు ఠక్కున ఆపింది.

"ఆఫీసరుతో నేనేమన్నా మాట్లాడాల్నా?" అని అడిగాడు బాబా.

"అక్కర్లేదు బాబా."

బాబా టెస్టరు తిరిగి ఇచ్చి, నమాజుకు లేచాడు. ఫ్యాను బాగుచేయడానికి మళ్ళీ నిచ్చెన మీద కాలు పెట్టిన దస్తగిరి వెనక్కి తిరిగి, "కాసేపు పెట్టె దగ్గర ఉండండి బాబా" అన్నాడు.

"నేనెందుకు బేటా? ఇంక ఎవరున్నా ఒకటే."