ఎక్కనన్న చక్రం

పోతురాజుకి ఒంటరిగా అప్పగించిన మొదటి పని అది. దాన్ని పాడుచేస్తానేమోనని అతనికి భయం పట్టుకుంది.

కొల్లేటి పక్క మంగతాయారు పొలంలో వరి మునిగింది. నీళ్లు తోడే పంపుని నడిపేది ఆమె మామగారి కాలంనాటి ట్రాక్టర్ ఇంజను. ఆయిలు కారుతోందని పోతురాజు నిన్న దాని ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని ఊడదీసి, లోపల బాగుచేశాడు. ఇవాళ తిరిగి ఎక్కిద్దామంటే చక్రం షాఫ్టు మీద సగం దాకా వచ్చి మొరాయిస్తోంది.

చెక్కదిమ్మ అడ్డం పెట్టి సుత్తితో కొట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. పోత ఇనుము ఖంగుమంది. బీట తీసిందేమోనని భయం వేసింది. అలాంటి చక్రం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

"ఏమయ్యా, అవుతుందా?" గట్టు మీంచి అడిగింది మంగతాయారు. "పొద్దున కంకులు కనిపించాయి. ఇప్పుడవీ మునిగాయి."

"అయిపోతుందమ్మగారూ," అన్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. మళ్లీ సుత్తి ఎత్తాడు.

ఆమె ఇక ఆగలేక గఫార్ సాయిబుకి కబురు పంపింది. పోతురాజుకి పని నేర్పిన గురువు ఆయనే.

సాయిబు వచ్చి శిష్యుడి ముఖం చూశాడు. ఇంజను వంక చూడనేలేదు.

"ఇంకో రెండు దెబ్బలేస్తే ఎక్కుతుంది, గురువుగారూ."

"సరే," అన్నాడు సాయిబు. చెక్కదిమ్మ తీసి పక్కన పెట్టాడు. అది ఉన్న చోట తన అరచెయ్యి ఆనించాడు.

"కొట్టు."

"మీ చెయ్యి!"

"కొట్టరా."

ఎత్తిన సుత్తి గాల్లోనే ఉండిపోయింది. గట్టు మీద మంగతాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాయిబు మాత్రం చెయ్యి తియ్యలేదు.

పోతురాజు సుత్తి కింద పెట్టి బురదలో చతికిలబడ్డాడు.

ఊపిరి కుదుటపడ్డాక అతనే లేచాడు. గొలుసుతో చక్రాన్ని వెనక్కి లాగాడు. షాఫ్టుని గుడ్డతో తుడిచి, కళ్లు మూసుకుని వేలితో మెల్లగా తడిమాడు. గాడి అంచున ఏదో గుచ్చుకుంది. నిన్న చక్రం ఊడదీసే తొందరలో తను వేసిన దెబ్బకి అక్కడ ఇనుము ముల్లులా లేచింది.

ఆకురాయితో దాన్ని అరగదీశాడు. నూనె రాశాడు. ఈసారి రెండు చేతులతో నెట్టగానే చక్రం జారి తన చోట్లో కూర్చుంది. నట్టు బిగించి, చక్రం చుట్టూ చూసుకున్నాడు. బీట ఎక్కడా లేదు.

ఇంజను దగ్గి, పొగ వదిలి, అందుకుంది. గొట్టంలోంచి ఎర్రనీళ్లు కాలవలోకి దూకాయి. మంగతాయారు పంపు దగ్గరికి పరుగెత్తింది.

సాయిబు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడుస్తున్నాడు. పోతురాజు ఆయన్ని అందుకున్నాడు.

"లోపం ఎక్కడుందో మీకు ముందే తెలుసు కదా, గురువుగారూ?"

"నాకేం తెలుసు? నువ్వు ఆగితే నీకే తెలుస్తుందనుకున్నాను."