వరహాలమ్మ మార్చిన పేరు

అనగనగా, సముద్రం హోరు వినిపించే ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. ఆశా కార్యకర్త. ఇల్లిల్లూ తిరిగి మందులిచ్చేది. షుగరు ఉన్నవాళ్ళని చూస్తే మాత్రం, "నోరు కట్టుకోలేకపోతే ఇంతే మరి" అని నలుగురి ముందే అనేసేది.

అలాంటిది, ఆ షుగరు ఆవిడకే వచ్చింది. ఇంక ఎవరితో చెప్పుకుంటుంది చెప్పు? దాచేసింది. మొదట మూత్రంలో నురగ కనిపించింది. ఎండ వల్లే అనుకుంది. ఆ తర్వాత పాదాలు వాచాయి. తిరుగుడు ఎక్కువైంది అనుకుంది. ఆ తర్వాత, పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. అప్పుడింక ఏమీ అనుకోలేకపోయింది.

ఇంతలో ఊరి బడిలో ఆరోగ్య పరీక్షల శిబిరం పెట్టారు. మూత్రం సీసాల మీద పేర్లు అంటించే పని వరహాలమ్మదే. తన సీసాలో నురగ కట్టి ఉంది. పక్కింటి నీలవేణి సీసా తేటగా ఉంది. వరహాలమ్మ చుట్టూ చూసింది. అప్పుడు ఇద్దరి పేర్లూ అటుదిటు, ఇటుదటు అంటించేసింది. మళ్ళీ పరీక్ష చేస్తే నీలవేణికి ఏమీ లేదని తేలిపోతుందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

వారానికి కాగితాలొచ్చాయి. నీలవేణి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని రాసి ఉంది. పాపం, నీలవేణికి మొగుడు లేడు. ఒక్కతే కూతురు, నీ అంత పిల్ల.

మొదటిరోజు నీలవేణి ఇంట్లో పొయ్యి వెలగలేదు. రెండోరోజు పాలిచ్చే మేకని అక్కగారింటికి తోలేసింది. మూడోరోజు వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చి, "వదినా, నాకేమైనా అయితే మా పిల్లకి జడ వేసేవాళ్ళుండరు. నువ్వు వేస్తావా?" అని అడిగింది.

వరహాలమ్మ తలెత్తలేకపోయింది.

"ఆ జబ్బు నీది కాదు, నాది. సిగ్గేసి పేర్లు మార్చాను."

నీలవేణి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది వరహాలమ్మకి. ఆ సాయంత్రమే శిబిరం నర్సుకి ఫోన్ చేసి, నిజం చెప్పేసింది.

మర్నాడు పట్నం ఆసుపత్రికని బస్సెక్కింది. నీలవేణి వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు కోపం తగ్గలేదు. కానీ ఒక్కదానివే వెళ్తే సగం దారిలో దిగిపోతావు," అంది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "మూత్రపిండం జల్లెడలాంటిది. నెత్తుట్లో చక్కెర పెరిగి దాన్ని గాయపరుస్తుంటే, ఒంటికి కాపలా కాసే కణాలు అక్కడికి పరుగెత్తుతాయి. చక్కెర తగ్గదు, కాబట్టి అవీ వెనక్కి రావు. లోపలంతా వాచి, కమిలిపోతుంది. నొప్పి మాత్రం తెలియదు. అలా చిల్లులు పెద్దవై ఒంటికి కావలసిన మాంసకృత్తులు జారిపోతాయి. నీకు కనిపించిన నురగ అదే. ముందే ఎందుకు రాలేదు?"

"సిగ్గేసిందమ్మా," అంది వరహాలమ్మ.

"పోయింది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకుందాం."

ఆ తర్వాత మందులు మానలేదు. ఉప్పు తగ్గించింది, ఊరగాయలు మానేసింది. వాపు తగ్గింది. మూత్రపిండాలు ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాయి.

ఒళ్ళు కాస్త కుదుటపడగానే, తను నోరు జారిన ప్రతి ఇంటికీ వెళ్ళింది. కొందరు కూర్చోమన్నారు. కొందరు గుమ్మంలోనే నిలబెట్టారు. నిలబడే చెప్పింది.

"నాకూ షుగరుంది. సిగ్గుపడి మూడేళ్ళు దాచాను. మీరు దాచకండి."

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన తలుపు తట్టింది.